పోయిన డబ్బు కోసం పోట్లాడే ప్లీడర్లు

ప్లీడరంటే మనకి ఏం గుర్తొస్తుంది చెప్పండి? పొలం గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకాలు, కాస్త పెద్ద గొడవైతే విడాకులు. సినిమాల్లో అయితే ఎప్పుడూ హత్య కేసే! కానీ అదే నల్లకోటు తొడుక్కుని, హత్యల జోలికీ పొలాల జోలికీ పోకుండా, కంపెనీలు షేర్లు కొన్నవాళ్ళకి చెప్పిన అబద్ధాల మీదే జీవితమంతా వాదించే లాయర్లున్నారు. వీళ్ళని సెక్యూరిటీస్ లిటిగేషన్ లాయర్లంటారు. పేరు నోరు తిరగదు గానీ పని మాత్రం మన వంటింటి లెక్కల్లాంటిదే. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకే బోధపడిందంటే మీకు బోధపడకపోవడమేమిటి!

"మనకెందుకమ్మా షేర్ల గొడవ?" అంటారేమో. మనకే కావాలి. పోపుల డబ్బాలో దాచుకునే రోజులు పోయాయి. నెలకి వెయ్యో రెండు వేలో మ్యూచువల్ ఫండ్‌లో కట్టేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అమ్మాయి పెళ్ళికనీ, అబ్బాయి చదువుకనీ ఆయన పేరునో మన పేరునో నాలుగు షేర్లు కొని ఉంచుకున్న ఇళ్ళూ ఉన్నాయి. ఆ కాగితం వెనకాల ఉన్న కంపెనీ అబద్ధం చెప్పిందనుకోండి, అప్పుడు మన తరఫున ఎవరు అడుగుతారు? ఆ ప్రశ్నకి జవాబే ఈ ప్లీడరు.

చిన్న లెక్క చూద్దాం. ఒక కంపెనీ షేరు 100 రూపాయలు పెట్టి 50 కొన్నారు. 5,000 అయింది. లాభాలు రాకుండానే వచ్చాయని ఆ కంపెనీ లెక్కలు చూపించిందని బయటపడింది. షేరు 20కి పడిపోయింది. మీకు పోయింది 4,000. దాని కోసం ప్లీడరు దగ్గరికి వెళ్తే ఫీజే 10,000 అడుగుతాడు. కోర్టు చుట్టూ తిరగడానికి ఆటో ఖర్చులు వేరే. ఎవరైనా వెళ్తారా? వెళ్ళరు. "మన ప్రాప్తం ఇంతే" అనుకుని ఊరుకుంటారు. మనం ఊరుకుంటామని ఆ కంపెనీ పెద్దలకీ తెలుసు. మీలాంటి వాళ్ళు లక్షమంది ఉన్నారనుకోండి, 4,000 చొప్పున 40 కోట్లు! ఒక్కొక్కరికి చూస్తే కోర్టుకి వెళ్ళాల్సినంత పెద్దది కాదు, అందరిదీ కలిపితే దోపిడీ.

అమెరికాలో దీనికొక దారి వేసుకున్నారు. ఒక్క మనిషి, తనలాంటి వాళ్ళందరి తరఫునా దావా వేయొచ్చు. దాన్ని క్లాస్ యాక్షన్ అంటారు. మిగతా వాళ్ళు కోర్టు గడప తొక్కక్కర్లేదు. లాయరు ముందుగా పైసా పుచ్చుకోడు. ఓడిపోతే ఆయనకేమీ రాదు, పెట్టిన ఖర్చు కూడా ఆయన నెత్తినే. గెలిస్తే మాత్రం వచ్చిన దాంట్లో ఇంత శాతమని కోర్టు లెక్కగట్టి ఇస్తుంది. పాలికిచ్చిన పొలం లాంటిదన్నమాట. పంట పండితేనే పాలు.

ఈ వృత్తిలో రెండు పక్షాలున్నాయి. మదుపు పెట్టినవాళ్ళ తరఫున కంపెనీ మీద దావా వేసేవాళ్ళు ఒకరు. కంపెనీని కాపాడేవాళ్ళు ఇంకొకరు. కాపాడే లాయర్లకి గంటకింతని ఫీజు, గెలిచినా ఓడినా వస్తుంది, అందుకని అది నెమ్మదైన బతుకు. దావా వేసే వాళ్ళది జూదం లాంటి జీవితం. వాళ్ళందరిలోకీ పేరు మోసిన లాయరు ఒకాయన ఉన్నారు. ఆయన కథ వింటే ఈ వృత్తిలో ఉన్న మంచీ చెడూ రెండూ తెలుస్తాయి.

బిల్ లెరాక్ అనే ఆయన

పేరు విలియమ్ లెరాక్, అందరూ బిల్ అని పిలిచేవారు. 1946లో పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. ఉక్కు ఫ్యాక్టరీల ఊరది, మన విశాఖపట్నం అనుకోండి. అక్కడే లా చదివి, అక్కడే ఒక పెద్ద లా కంపెనీలో చేరారు. 1976లో న్యూయార్క్‌కి చెందిన మిల్‌బర్గ్ వైస్ అనే సంస్థ తరఫున కాలిఫోర్నియాలో శాన్‌డియేగో ఊళ్ళో ఆఫీసు తెరిచారు. అక్కణ్ణించి పాతికేళ్ళకి పైగా అమెరికా కంపెనీలకి ఆయన పేరు చెబితే నిద్రపట్టేది కాదంటే నమ్మండి. ముఖ్యంగా కంప్యూటర్ కంపెనీలకి. షేరు ధర ఒక్కసారిగా పడిపోయిందా, వెంటనే లెరాక్ దావా సిద్ధం! అక్కడి కంపెనీల వాళ్ళు ఆయన పేరునే క్రియాపదం చేసేశారు. "మమ్మల్ని లెరాక్ చేశారు" అనేవారట. అంటే కేసులో ఇరికించారని.

ఆయన్ని తిట్టినవాళ్ళకి తక్కువేం లేదు. షేరు పడిన ప్రతిసారీ మోసమే జరిగినట్టా, వ్యాపారంలో నష్టం రాదా, ఇది బెదిరించి డబ్బు గుంజడమే అనేవారు. అందులోనూ కొంత నిజముంది. కేసు నడిపితే ఖర్చూ, పరువూ పోతాయని తప్పు చేయని కంపెనీలు కూడా ఎంతో కొంత ఇచ్చి వదిలించుకునే ప్రమాదం ఉంటుంది మరి. అయితే ఆయన వేసిన కేసులన్నీ అలాంటివి కావు. లింకన్ సేవింగ్స్ కేసు వినండి, మీకే తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో లింకన్ సేవింగ్స్ అని డబ్బు దాచుకునే సంస్థ ఒకటుండేది. బ్యాంకు లాంటిదే. 1984లో చార్లెస్ కీటింగ్ అనే ఆయన కంపెనీ దాన్ని కొనేసింది. డిపాజిట్ గడువు తీరి డబ్బు తీసుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళకి అక్కడి గుమాస్తాలు ఏం చెప్పేవారంటే, "డిపాజిట్ కంటే ఎక్కువ వడ్డీ వచ్చే బాండ్లున్నాయి, తీసుకోండి" అని. ఆ బాండ్లు బ్యాంకువి కావు, కీటింగ్ సొంత కంపెనీవి. డిపాజిట్‌కైతే ప్రభుత్వ బీమా ఉంటుంది, బాండుకి ఉండదు. కానీ అమ్మింది బ్యాంకు బల్ల మీదే కదా! పింఛను డబ్బుతో బతికేవాళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళు, బ్యాంకులో ఉన్నట్టే అనుకుని కొనేశారు. ఆ బాండ్లు అమ్మేవాళ్ళ కోసం రాసిన ఒక కాగితం తర్వాత బయటపడింది. అమాయకులూ, సాత్వికులూ, తెలియనివాళ్ళే మనకి మంచి గిరాకీ అని గుర్తుంచుకోండన్న అర్థంలో ఉంది అందులో. చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

1989 ఏప్రిల్లో ఆ కంపెనీ దివాళా తీసింది. బాండ్లు కొన్న 20 వేల మందికి పైగా జనం చేతిలో చిత్తు కాగితాలు మిగిలాయి. వాళ్ళ తరఫున నిలబడ్డ లాయర్లలో లెరాక్ ఒకరు, జోసెఫ్ కాచెట్ అనే ఆయన ఇంకొకరు. వీళ్ళు చేసిన తెలివైన పనేమిటంటే, దివాళా తీసిన కీటింగ్ దగ్గర ఏముంటుంది, ఆయనకి సర్టిఫికెట్లిచ్చిన వాళ్ళనీ పట్టుకుందామనుకున్నారు. లెక్కలు బాగున్నాయని సంతకాలు పెట్టిన ఆడిటర్లని, సలహాలిచ్చిన లాయర్ల కంపెనీలని కూడా కేసులోకి లాగారు. 1992లో టూసాన్ అనే ఊళ్ళో జ్యూరీ 330 కోట్ల డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. అంత డబ్బు ఎలాగూ వసూలు కాదు. అయినా ఆడిటర్లూ వాళ్ళూ రాజీకొచ్చి కట్టిన దాంతో ముసలివాళ్ళకి పోయిన సొమ్ములో చాలా భాగం తిరిగొచ్చింది.

నాకిది చదువుతుంటే మా వీధిలో ఉండే ఒక పిన్నిగారు గుర్తొచ్చారు. బాబాయిగారు పోయాక వచ్చిన డబ్బంతా తీసుకెళ్ళి, 24 శాతం వడ్డీ ఇస్తానన్న ఒక ఫైనాన్స్ కంపెనీలో వేశారు. తొంభైల్లో ఊరూరా వెలిశాయి కదా, అలాంటిదే. ఒకరోజు పొద్దున్న వెళ్తే తాళం! ఆవిడ రసీదుని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం వెనకాల దాచుకున్నారు. ఎవరొచ్చినా తీసి చూపించేవారు. "దీని మీద సీలు ఉందమ్మా" అనేవారు పాపం. ఆ కంపెనీ లెక్కలు బాగున్నాయని సంతకం పెట్టిన ఆడిటరు కూడా ఒకడుంటాడనీ, వాణ్ణీ అడగొచ్చనీ మా వీధిలో ఎవరికీ తోచలేదు.

కాగితపు పీలికల పెట్టె

లెరాక్ పేరు ప్రపంచమంతా తెలిసింది ఎన్‌రాన్ కేసుతో. మహారాష్ట్రలో దాభోల్ కరెంటు ప్రాజెక్టు కట్టిన కంపెనీ ఇదే, మన పేపర్లలోనూ చాలాకాలం నలిగింది. హ్యూస్టన్ ఊళ్ళో పెద్ద ఆఫీసు. అప్పుల్ని వేరే వేరే చిన్న సంస్థల పేర్న దాచేసి, పైకి లాభాలే చూపించేది. అప్పులవాళ్ళు వస్తే పక్కింటి మంచం కింద ఇత్తడి సామాను దాచినట్టన్నమాట! 2000 ఆగస్టులో 90 డాలర్లున్న షేరు 2001 డిసెంబరుకి డాలరులోపుకి వచ్చేసింది. కంపెనీ దివాళా. వేలమంది ఉద్యోగాలు ఊడాయి. పైగా ఆ ఉద్యోగులు రిటైరయ్యాక పనికొస్తుందని దాచుకున్న సొమ్ములో చాలావరకు అదే కంపెనీ షేర్లలో ఉంది. ఉద్యోగమూ పోయి, దాచుకున్నదీ పోయి... ఊహించుకోండి.

లెక్కల్లో తేడా ఉందని ముందే కనిపెట్టి, 2001 ఆగస్టులో ఛైర్మన్‌కి ఉత్తరం రాసినావిడ షెరాన్ వాట్కిన్స్. అదే కంపెనీలో పెద్ద ఉద్యోగంలో ఉండేవారు. ఆవిడ మాట విని ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

ఇక పెట్టె సంగతి. ఎన్‌రాన్‌లో పనిచేసిన ఒకావిడ సామాన్లు సర్దుకుంటూ, గాజు సామాను పగలకుండా పెట్టెలో కుక్కడానికి ఆఫీసులో పడి ఉన్న కాగితపు పీలికలు తెచ్చుకున్నారు. మనం గిన్నెల మధ్య పాత పేపర్లు కుక్కుతామే, అలాగ. తీరా చూస్తే అవి మిషన్‌లో వేసి చింపేసిన కంపెనీ లెక్కల కాగితాలు! కేసు మొదలయ్యాక కూడా సాక్ష్యాలు చింపేస్తున్నారన్నమాట. 2002 జనవరిలో లెరాక్ ఆ పీలికల పెట్టెని చేత్తో పట్టుకుని హ్యూస్టన్ కోర్టుకి వచ్చారు. ఆ ఫోటో అన్ని పేపర్లలోనూ పడింది. వందల పేజీల దావా కంటే ఆ పెట్టే జనానికి బాగా అర్థమైందంటాను నేను.

ఈ కేసులో కూడా ఎన్‌రాన్ దగ్గర పైసా లేదు. అందుకని దానికి అప్పులు దాచుకోవడానికి సాయపడ్డాయని పెద్ద పెద్ద బ్యాంకుల మీదకి వెళ్ళారు. సిటీగ్రూప్ 200 కోట్ల డాలర్లు, జేపీ మోర్గాన్ 220 కోట్లు, కెనడాకి చెందిన ఒక బ్యాంకు 240 కోట్లు ఇస్తామని రాజీకొచ్చాయి. అన్నీ కలిపి 720 కోట్ల డాలర్లకి పైగా పోగయింది. ఆనాటికి అంత పెద్ద మొత్తం ఎవరూ రాబట్టలేదు. మరి 90 డాలర్లు పెట్టి కొన్న వాడి చేతికి ఎంతొచ్చిందీ అంటే, షేరుకి సగటున ఏడు డాలర్ల లోపే. ఇదీ ఈ వృత్తిలో గెలుపంటే! గంపెడు పోతే గుప్పెడు వస్తుంది. ఆ గుప్పెడు రావడానికి ఏడేళ్ళు.

లాయర్లకి కోర్టు ఇచ్చిన ఫీజు 68 కోట్ల 80 లక్షల డాలర్లు. పదోవంతుకి కాస్త తక్కువ. 2008 సెప్టెంబరులో ఆ ఫీజు ఉత్తర్వు వచ్చేసరికి లెరాక్ ఎక్కడున్నారో తెలుసా? జైల్లో!

ఆయన చేసిన పని

క్లాస్ యాక్షన్‌లో అందరి తరఫునా ఒకరి పేరు మీద దావా వేస్తారని చెప్పాను కదా. మొదట్లో ఎవరు ముందు కోర్టుకి పరిగెత్తితే వాళ్ళకే ఆ కేసు దక్కేది. పేరు ఇవ్వడానికి మనిషి సిద్ధంగా ఉండాలి, ఆ మనిషికి ఆ కంపెనీ షేరు కూడా ఉండాలి. దానికోసం మిల్‌బర్గ్ వైస్ వాళ్ళు కొంతమందిని పట్టారు. వాళ్ళు రకరకాల కంపెనీల షేర్లు కొద్దికొద్దిగా కొని ఉంచుకునేవారు. ఏ షేరు పడినా వాళ్ళ పేరున దావా తయారు. దానికి ప్రతిఫలంగా లాయరు ఫీజులో కొంత భాగం గుట్టుగా వాళ్ళకి వెళ్ళేది. కోర్టులో మాత్రం "మాకు ప్రత్యేకంగా ఏమీ ముట్టడం లేదు" అని ప్రమాణం చేసేవారు. ఇలా పాతికేళ్ళలో కోటి డాలర్లకి పైగా చేతులు మారిందని ప్రభుత్వం తేల్చింది.

"లాయరు తన ఫీజులోంచి ఇస్తే మనకేం నష్టం?" అనిపించొచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది. మా అపార్టుమెంటు లెక్కలో పెట్టి చూశాక తెలిసింది. బిల్డరు మీద అసోసియేషన్ తరఫున కేసు వేశాం. ప్రెసిడెంటుగారు మన ప్రతినిధి. ఆయనకి ప్లీడరు ఫీజులో వాటా ఉందనుకోండి. "ఫీజు తగ్గించండి, ఇళ్ళవాళ్ళకి ఎక్కువ మిగలనివ్వండి" అని ప్లీడరుతో ఆయన గట్టిగా అంటారా? ఫీజు పెరిగితేనే ఆయనకి లాభం, మనకి నష్టం. పైకి మన మనిషి, లోపల ప్లీడరు మనిషి. అదీ అసలు తప్పు. దొంగ ప్రమాణం సరేసరి.

గుట్టు ఎలా రట్టయిందో వింటే నవ్వొస్తుంది. అలా పేరు అరువిచ్చిన వాళ్ళలో ఒక కంటి డాక్టరున్నాడు. 1992లో తన ఇంట్లోంచి పికాసో, మోనే గీసిన బొమ్మలు దొంగలెత్తుకుపోయారని చెప్పి బీమా డబ్బు కోట్ల డాలర్లు పుచ్చుకున్నాడు. తీరా తన బొమ్మల్ని తనే మాయం చేయించాడని తేలి 1999లో దోషి అయ్యాడు. శిక్ష తగ్గించుకోవడానికి, "నాకింకో సంగతి తెలుసు" అంటూ లాయర్ల భాగోతం బయటపెట్టాడు! 2006లో సంస్థ మీద కేసు పెట్టారు. లెరాక్ 2007లో నేరం ఒప్పుకున్నారు. 2008 ఫిబ్రవరిలో రెండేళ్ళ జైలు పడింది, 77 లక్షల 50 వేల డాలర్లు కక్కాల్సి వచ్చింది. లాయరు పట్టా పోయింది. ఆయన పాత భాగస్వామి మెల్విన్ వైస్‌కి రెండున్నరేళ్ళ శిక్ష. కంపెనీల అబద్ధాలు పట్టుకోవడమే వృత్తిగా బతికినవాళ్ళు కోర్టుకే అబద్ధం చెప్పి దొరికిపోయారు. లింకన్ సేవింగ్స్ ముసలివాళ్ళకి డబ్బు రాబట్టిందీ ఈయనే, ఇదీ ఈయనే. ఈ రెండిట్లో దేన్ని తీసేసి చూడాలో నాకైతే తెలియలేదు.

అప్పటికే అక్కడి చట్టం మారింది లెండి. 1995 డిసెంబరులో, క్లింటన్ వద్దని తిప్పి పంపినా, వాళ్ళ పార్లమెంటు పట్టుబట్టి కొత్త చట్టం తెచ్చింది. ముందు పరిగెత్తినవాడు కాదు, ఎక్కువ నష్టపోయినవాడే నాయకత్వం వహించాలని దాని సారాంశం. అందుకే ఎన్‌రాన్ కేసుకి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ముందు నిలబడింది. ఇంకో కఠినమైన నిబంధన కూడా పెట్టారు. కేసులో పస ఉందని కోర్టు ఒప్పుకునేదాకా కంపెనీ కాగితాలు అడగడానికి వీల్లేదు. మరి కాగితాల్లేకుండా పస ఉందని చూపించడం ఎలా? అక్కడే లాయరు పనితనం. ఉద్యోగం మానేసిన వాళ్ళని వెతికి, బతిమాలి, ఏ నెల్లో ఏ లెక్క ఎవరు మార్చమన్నారో రాబట్టాలి. కంపెనీ పెద్దాయన ఏ తారీఖున ఏం చెప్పాడు, ఆ తారీఖున షేరు ఎంతుంది, నిజం బయటపడిన రోజున ఎంత పడింది, అదంతా వరసగా కూర్చాలి. కోర్టులో గర్జించడం ఏడాదికి పది రోజులుంటే ఎక్కువ. మిగతాదంతా కాగితాలు ఏరుకునే పనే, బియ్యంలో రాళ్ళేరినట్టు.

మన సత్యం సంగతి

2009 జనవరి 7వ తారీఖు మీకు గుర్తుండే ఉంటుంది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజుగారు లెక్కల్లో వేలకోట్లు లేవని ఉత్తరం రాసి రాజీనామా చేసిన రోజు. 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజులో 40 దగ్గరికి పడింది. మన హైదరాబాద్‌లో, మన బెజవాడలో ఆ షేరు కొననివాళ్ళెవరు! మనవాళ్ళ కంపెనీ అనే అభిమానంతోనే కొన్నవాళ్ళున్నారు.

సత్యం షేర్లు అమెరికాలో న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో కూడా అమ్ముడయ్యేవి. వార్త బయటికొచ్చిన ఆ వారంలోనే న్యూయార్క్‌లో దావాలు పడిపోయాయి. 2011లో సత్యం కంపెనీ 12 కోట్ల 50 లక్షల డాలర్లు, ఆడిట్ చేసిన సంస్థ వాళ్ళు 2 కోట్ల 55 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. అది అక్కడివాళ్ళకి. బొంబాయి ఎక్స్ఛేంజిలో కొన్న మనకి? అందులోంచి దమ్మిడీ రాలేదు. అదే మోసం, అదే షేరు, అదే రోజు పడిపోయింది. ఇక్కడ అందరి తరఫునా నష్టం అడిగే దారే లేదప్పుడు. ఒక మదుపుదారుల సంఘం వాళ్ళు వినియోగదారుల జాతీయ కమిషన్‌కి, ఆపైన సుప్రీంకోర్టుకి వెళ్ళినా లాభం లేకపోయింది. 2015 ఏప్రిల్లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రాజుగారికీ మిగతావాళ్ళకీ ఏడేళ్ళ శిక్ష వేసింది, తర్వాత అప్పీలు మీద బెయిలొచ్చింది. అది నేరానికి శిక్ష. మన డబ్బు సంగతి వేరు కదండీ.

ఆ దెబ్బ తర్వాతే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షను పెట్టారు. 2016 నుంచి అమల్లో ఉంది. ఒక కంపెనీలో వాటాదారులు కనీసం 100 మంది కలిస్తే కంపెనీ మీదా, డైరెక్టర్ల మీదా, ఆడిటర్ల మీదా కూడా జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. దాని బెంచీలు హైదరాబాద్‌లోనూ, అమరావతి పేరునా ఉన్నాయి. బాగానే ఉంది. మరి కేసులు అమెరికాలోలా ఎందుకు పడటం లేదు? నాకు తోచిన పెద్ద కారణం ఫీజే. మన దేశంలో లాయరు గెలిచిన దాంట్లో వాటా పుచ్చుకోకూడదు, బార్ కౌన్సిల్ నిబంధన. పాలికి చెయ్యడం కుదరదన్నమాట. అంటే ఆ వందమందీ ముందు చందాలేసుకుని ఫీజు కట్టాలి. వందమంది చేత వినాయకచవితి పందిరికి చందా వసూలు చేయడమే ఎంత కష్టమో మీకు తెలుసు! లెరాక్ సంగతి తెలిశాక మన నిబంధనే మేలనిపిస్తుంది. లింకన్ సేవింగ్స్ ముసలివాళ్ళని తలచుకుంటే కాదనిపిస్తుంది.

ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. కంపెనీ మీద గానీ, బ్రోకరు మీద గానీ ఫిర్యాదు ఉంటే సెబీ వాళ్ళ స్కోర్స్ అనే దాంట్లో కంప్యూటరు మీదో ఫోను మీదో రాసి పంపొచ్చు. 2011 నుంచి ఉందిది. ముందు కంపెనీకి రాసి, జవాబు రాకపోతే అక్కడ పెట్టండి. షేరు కొన్నప్పుడు బ్రోకరిచ్చే కాంట్రాక్టు నోటు పారేయకండి. ఏ తారీఖున ఎంతకి కొన్నారన్నదే రేపు ఏ కేసుకైనా ఆధారం. నేనైతే ఆస్తిపన్ను రసీదుల ఫైల్లోనే వాటినీ గుచ్చుతాను.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులకి ఇంకో మాట. అక్కడికి వెళ్ళినప్పుడు పోస్టులో కట్టలు కట్టలు కాగితాలు వస్తాయి, అన్నీ ప్రకటనలే అని చెత్తబుట్టలో వేసేస్తారు పిల్లలు. వాటిల్లో "మీరు ఫలానా కంపెనీ షేర్లు ఫలానా తారీఖుల మధ్య కొని ఉంటే" అని మొదలయ్యే నోటీసు ఒక్కోసారి ఉంటుంది. అదే క్లాస్ యాక్షన్ రాజీ నోటీసు. గడువులోగా ఫారం నింపి పంపితేనే వాటా వస్తుంది, లేకపోతే లేదు. మెయిల్లో వచ్చినదైతే నిజమో కాదో ముందు చూసుకోమనండి, ఆ పేరుతో డబ్బడిగే దొంగలూ ఉంటారు. ఫారం నింపడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు.

మీ అమ్మాయికి ఇష్టమైతే

ఇంజనీరింగూ డాక్టరీ తప్ప చదువే లేదనుకునే మనం, లెక్కలంటే ఇష్టమూ, వాదనంటే ఇంకా ఇష్టమూ ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే ఈ దారి కూడా చూడొచ్చు. ఇంటర్ తర్వాత అయిదేళ్ళ లా చదవాలి. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి, వాటికి క్లాట్ పరీక్ష రాయాలి. మామూలు లా కాలేజీలకి లాసెట్. బీకాం చేసి ఆ తర్వాత మూడేళ్ళ లా చదివినా మంచిదే. ఈ పనికి ఆడిటు లెక్క చదవడం రావాలి మరి. కంపెనీ సెక్రటరీ కోర్సు కూడా చేసినవాళ్ళకి ఇంకా తేలిక. చదువయ్యాక బార్ కౌన్సిల్ పరీక్ష ఒకటి పాసవ్వాలి.

ఇక్కడ ఈ పనంతా ఎక్కువగా సెబీ ఉత్తర్వుల చుట్టూ తిరుగుతుంది. సెబీ జరిమానా వేస్తే దాని మీద అప్పీలుకి బొంబాయిలో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉంది, అక్కడ కాదంటే సుప్రీంకోర్టే. అందుకని పిల్ల బొంబాయిలోనో ఢిల్లీలోనో కొన్నాళ్ళు ఉండాల్సి రావొచ్చు. ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. పెద్ద లా కంపెనీలో చేరితే మొదట్నించే జీతం బాగానే ఉంటుంది, రాత్రి పదింటిదాకా ఆఫీసు మాత్రం తప్పదు. సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేరితే మొదటి రెండు మూడేళ్ళు ఇంటి నుంచే డబ్బు పంపాల్సి ఉంటుంది. పెళ్ళి సంబంధాలవాళ్ళు "అమ్మాయి ఏ కోర్టులో ప్రాక్టీసు?" అని అడుగుతారు. ట్రిబ్యునల్ అంటే ముఖముఖాలు చూసుకుంటారు, దానికీ సిద్ధపడండి.

మా చెల్లెలి కూతురు ఇంటర్ రెండో ఏడు, క్లాట్‌కి చదువుతోంది. వాళ్ళ నాన్న షేర్ల కాగితాలన్నీ ముందేసుకుని, సత్యం షేరు ఎంతకి కొన్నావు, ఎప్పుడు కొన్నావు అని మొన్న దసరాకి ఆయన్ని నిలదీసింది. ఆయన తారీఖు చెప్పలేకపోయాడు.